కప్పుకి కన్నం

జాజిగెడ్డ అని కొండ మీద ఓ ఊరు. ఆ ఊళ్ళో తెలివి ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే, దాలినాయుడు గుండె మీద చెయ్యి వేసుకుని "మా ఇంట్లో" అనేవాడు. "తెలివుండేది తలలో కదా నాయుడూ, గుండె మీద చెయ్యేటి?" అంటే, "తలకి పాగా అడ్డం ఉంది, చెయ్యి ఆనదు" అని జవాబు. అడిగినవాడు తన తలే గోక్కుంటూ పోయేవాడు. చూశారా నోరు ఎలా మూయించానో అని దాలినాయుడు ఆ పూటంతా ఛాతీ విరుచుకు తిరిగేవాడు.

ఇంట్లో మిగతావాళ్ళేమీ తక్కువ తినలేదు. తల్లి అప్పలనరసమ్మ, తమ్ముడు సూరినాయుడు, పెళ్ళాం పోలమ్మ. ఓసారి అప్పలనరసమ్మ కోడల్ని పిలిచి "పాలు పొంగుతాయేమో చూడవే" అంది. పోలమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. పాలు పొంగాయి, పొయ్యి ఆరింది, గిన్నె మాడింది. కన్నార్పకుండా అంతా చూసి, "పొంగాయత్తా, బాగా పొంగాయి" అని వచ్చి చెప్పింది. అత్త కోడలి తల నిమిరి, "చెప్పిన మాట చెప్పినట్టు చేసే కోడలు ఎంతమందికి దొరుకుతుంది!" అని మురిసిపోయింది. అదీ ఆ ఇంటి వరస.

వాళ్ళకో పాత జీపుంది. ఊరికంతటికీ అదొక్కటే జీపు. మార్గశిరం వచ్చిందంటే ఆ కొండ మీద చలికి దాని ఇంజను బిగుసుకుపోయి, పొద్దు బాగా ఎక్కేదాకా కిక్కురుమనేది కాదు. ఆ ఏడు సరిగ్గా మార్గశిరంలోనే పోలమ్మ తమ్ముడు లోవరాజుకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురిది కొండ దిగువ ఊరు, ముహూర్తం పొద్దుటి పూట. తెల్లారకుండానే ఘాట్ రోడ్డు దిగకపోతే ముహూర్తం దాటిపోతుంది. "బావా, నీ జీపు కదుల్తుందా?" అని లోవరాజు దిగులుగా అడిగాడు. "నేను ఉండగా కదలదా? పెళ్ళికొడుకుని పీటల మీద దించే పూచీ నాది" అని దాలినాయుడు మీసం దువ్వాడు.

పెళ్ళి రేపనగా పట్నం వెళ్ళి, కామేశం కొట్లో ఓ గ్యాసు హీటరు కొన్నాడు. షెడ్డులో పెట్టి తెల్లారగట్ల వెలిగిస్తే జీపు వెచ్చబడుతుంది, ఇంజను మేలుకుంటుంది. ఆలోచన బాగానే ఉంది. ఎవరి ఆలోచన అంటారా? కామేశానిది.

కామేశం మంచివాడు. ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "చూడండి నాయుడు గారూ, దీన్ని ఊరికే వెలిగిస్తే షెడ్డంతా పాడుపొగ నిండిపోతుంది. కంటికి కనపడదు గానీ, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. అందుకని ఈ గొట్టాన్ని నిలువుగా పెట్టి పొగని పైకి పంపించెయ్యాలి. పొగ పైకి పోకపోతే మీరు పైకి పోతారు. కప్పుకి కన్నం పెట్టి, గొట్టాన్ని వంకర లేకుండా తిన్నగా లాగండి. లోపల గాలి ఆడాలి. వాన నీళ్ళు దిగకుండా గొట్టం నెత్తిన టోపీ పెట్టండి. వెలిగించాక హీటరు మీద ఓ కన్నేసి ఉంచండి. ఒకసారి బిగించాక గొట్టాన్ని మాత్రం కదపకండి."

"బిగించడానికి మేస్త్రీ కావాలా?" అన్నాడు దాలినాయుడు.

"ఈ మాత్రం దానికి మేస్త్రీ ఎందుకండీ? ఏ గొట్టంగాడైనా బిగిస్తాడు."

అంతే. దాలినాయుడు ఆ మాటలన్నీ వల్లె వేసుకుంటూ బస్సులో కొండెక్కాడు. ఒక్క అక్షరం పోలేదు. అక్షరాలు పోకుండా చూసుకోవడంలో వాడిని మించినవాడు లేడు. వాటి వెనకాల అర్థం ఒకటుంటుందని మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి హీటరు షెడ్డులో దింపి, నలుగురూ చుట్టూ కూర్చున్నారు. దాలినాయుడు పాఠం అంతా అప్పజెప్పాడు. సూరినాయుడు చాలాసేపు ఆలోచించి, "అన్నియ్యా, పొగ పైకి పోకపోతే మనం పైకి పోతామన్నాడా?" అన్నాడు.

"అన్నాడు."

"అయితే మనమే పైకి పోతే సరిపోలేదేటి? ఇంత గొట్టం బిగించుకునే బాధెందుకు?"

దాలినాయుడికి తమ్ముడి మీద అసూయ పుట్టింది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? ఇంకేముంది, హీటరు వెలిగించి, తలుపు మూసి, నలుగురూ నిచ్చెన వేసుకుని షెడ్డు రేకుల మీదికి ఎక్కేశారు. కింద హీటరు హాయిగా మండుతోంది. పైన వీళ్ళు చలిగాలికి దవడలు కొట్టుకుంటూ కూర్చున్నారు.

"ఒరే దాలీ," అంది అప్పలనరసమ్మ, దుప్పటి బిగించుకుని, "వెచ్చదనం కింద, మనం పైన. ఇదేటి సుఖంరా?"

"అమ్మా, వెచ్చదనం జీపుకి. పైకి పోవడం మనకి. ఎవరి వాటా వాళ్ళదే" అన్నాడు కొడుకు. అప్పలనరసమ్మ ఒప్పుకుంది గానీ, ముసలి ఎముకలు ఒప్పుకోలేదు. కిందికి దించమని ఏడ్చింది. సరే, ఇక గొట్టమే గతి అని అందరూ దిగి హీటరు ఆపారు.

"కప్పుకి కన్నం పెట్టాలి. ఒలే పోలమ్మా, కప్పులు పట్రా" అన్నాడు దాలినాయుడు.

పోలమ్మ ట్రంకుపెట్టె తెరిచి, తమ్ముడి పెళ్ళికని కొత్తగా కొన్న పింగాణీ కప్పులు తెచ్చింది. "ఏ కప్పుకి పెట్టమన్నాడు?"

"అది చెప్పలేదు."

"అయితే అన్నిటికీ పెట్టెయ్. మళ్ళీ తప్పన్న మాట రాకూడదు" అంది. మంచి జాగ్రత్త గల మనిషి. అన్నదమ్ములిద్దరూ డ్రిల్లు మిషను పట్టుకుని, ఒక్కో కప్పుకీ అడుగున చక్కగా కన్నం పెట్టారు. రెండు పగిలాయి. మిగతావి ముచ్చటగా వచ్చాయి.

ఆ సాయంత్రమే పెళ్ళివారి తరఫున పోలమ్మ మేనమామ తవుడు, ఇంకో ఇద్దరు పెద్దమనుషులూ ప్రయాణం సంగతి మాట్లాడటానికి వచ్చారు. తెల్ల పంచెలు, ఇస్త్రీ చొక్కాలు. పోలమ్మ వేడివేడి టీ పోసి కప్పులు అందించింది. తవుడు సాసరు పక్కన పెట్టి కప్పు ఎత్తాడు. అంతే! కాగే టీ కాస్తా తొడ మీద ధార కట్టింది. "చచ్చాన్రోయ్" అని లేచి గెంతాడు. పక్కవాళ్ళూ గెంతారు. ముగ్గురు పెద్దమనుషులు ముంగిట్లో తొడలు పట్టుకుని గెంతుతుంటే, సూరినాయుడు పెళ్ళి సంబరం అప్పుడే మొదలైందనుకుని తానూ నాలుగు గెంతులు గెంతాడు.

సంగతి విన్నాక తవుడు నెత్తి కొట్టుకున్నాడు. "కప్పంటే టీ కప్పు కాదురా వెధవల్లారా! నెత్తి మీద ఉండే కప్పు!"

"ఆ మాట కామేశం చెప్పొద్దూ?" అని దాలినాయుడు చిరాకు పడ్డాడు. లోకంలో జనానికి విడమర్చి మాట్లాడటం రాదు కదా అని జాలిపడ్డాడు కూడా.

నింపాదిగా ఆలోచించుకుందామని వెళ్ళి జీపు వెనక సీట్లో కూర్చున్నాడు. నెత్తి మీద కప్పు. తల ఎత్తి చూశాడు. ఉంది! జీపు మీది గుడ్డ కప్పు సరిగ్గా వాడి నెత్తి మీదే ఉంది. "దొరికిందిరా సూరీ!" అని అరిచాడు. కత్తెరతో గుండ్రంగా కోసేశారు. ఆ కన్నంలోంచి చూస్తే పైన షెడ్డు రేకు కనపడింది.

"అన్నియ్యా, ఇంకో కప్పుంది!"

"చూశావా, కామేశం ఒకటన్నాడు, రెండున్నాయి. మనం కనక కనిపెట్టాం." రేకుకీ కన్నం పెట్టారు. గొట్టం వంకర పోకూడదు కదా? అందుకని రెండు కన్నాలకీ తిన్నగా కింద ఎక్కడ వస్తుందో చూసి, హీటరుని జీపు వెనక సీటు మీద కూర్చోబెట్టారు. పెళ్ళికొడుకు పక్కనే కూర్చున్నంత దర్జాగా కూర్చుంది హీటరు.

ఇక బిగించడానికి గొట్టంగాడు కావాలి. ఊరంతా తిరిగారు. "మీలో గొట్టంగాడు ఎవరండీ?" అని ప్రతి గుమ్మం దగ్గరా మర్యాదగానే అడిగారు. ఒకాయన కుక్కని వదిలాడు. ఒకావిడ చీపురు తీసింది. చివరికి లోవరాజు ఇంటి ముందు సన్నాయి గురుమూర్తి కనపడ్డాడు. పెళ్ళి మేళానికి వచ్చిన పెద్దాయన. సన్నాయి ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

దాలినాయుడు తమ్ముడి చెవిలో, "చేతిలో ఉన్నదేటి?" అన్నాడు.

"గొట్టం!"

ఇంకేముంది, చెరో రెక్కా పట్టుకుని షెడ్డుకి ఎత్తుకొచ్చేశారు. "నేను ఊదేవాణ్ణయ్యా, బిగించేవాణ్ణి కాదు! నాకీ పనులు తెలీవు!" అని గురుమూర్తి మొత్తుకున్నాడు.

"ఊదడం కూడా కావాలి తాతా. లోపల గాలి ఆడాలన్నాడు. మేళం లేకుండా ఎవరైనా ఆడతారేటి?" అన్నాడు దాలినాయుడు.

గురుమూర్తి వాళ్ళ మొహాలు ఒక్కొక్కటిగా చూశాడు. వాదించి లాభం లేదని వయసులో పెద్దవాడికి తెలుస్తుంది. ఓ చిన్న కీర్తన ఊది వదిలించుకుందామని మొదలెట్టాడు. అప్పుడే కొండ మీంచి ఈదురుగాలి కొట్టింది. రేకులు టపటపా కొట్టుకున్నాయి, గోడకి తగిలించిన గోనె ఊగింది.

"ఆడుతోంది! గాలి ఆడుతోందత్తా!" అని పోలమ్మ చప్పట్లు కొట్టింది. అప్పలనరసమ్మ గాలికి దిష్టి తీసింది. గురుమూర్తి కీర్తన సగంలో ఆపి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

బిగింపు అన్నదమ్ములే కానిచ్చారు. మరి చెయ్యకపోతే చెయ్యరు గానీ, చేస్తే గట్టిగా చేస్తారు. గొట్టాన్ని జీపు కప్పు మోసే ఇనప బద్దకి బోల్టులు వేసి కట్టారు. పైన షెడ్డు దూలానికి కమ్మీ చుట్టి కట్టారు. ఊపి చూస్తే ఇసుమంతైనా కదల్లేదు. కొట్టువాడు పెట్టెలో ఇచ్చిన రేకు టోపీ ఒకటుంది గానీ, పోలమ్మ దాన్ని అప్పటికే కూర మీద మూత పెట్టేసింది. "రేకు టోపీ ఎవరైనా పెట్టుకుంటారేటి, చెవులు చల్లబడవూ?" అని అప్పలనరసమ్మ తన ఉన్ని మంకీ టోపీ తీసిచ్చింది. సూరినాయుడు పైకెక్కి దాన్ని గొట్టం నెత్తికి బాగా కిందికి లాగి, మెడ దగ్గర ముడి కూడా వేసి దిగాడు.

తెల్లారుజామున హీటరు వెలిగించారు. "సూరీ, దీని మీద ఓ కన్నేసి ఉంచు" అని చెప్పి దాలినాయుడు కొత్త బట్టలు కట్టుకోవడానికి ఇంట్లోకి వెళ్ళాడు. సూరినాయుడు ఒక కంటికి తువ్వాలు కట్టుకుని, రెండో కంటితో హీటరునే చూస్తూ జీపులో కూర్చున్నాడు. పైన మంకీ టోపీ. పొగ పైదాకా వెళ్ళి, దారి లేక వెనక్కి దిగింది. వాడికి తల దిమ్మెక్కింది, కళ్ళు బరువెక్కాయి. అంటే, కన్ను బరువెక్కింది.

అదృష్టం బాగుండి, గురుమూర్తి తన చెప్పుల కోసం అటు వచ్చాడు. తలుపు తీస్తే లోపల ఉక్కపోత, జీపులో మనిషి ఒరిగిపోయి ఉన్నాడు. కాళ్ళు పట్టి బయటికి లాగి, చలిగాలిలో పడుకోబెట్టి, మొహాన నీళ్ళు కొట్టాడు. దాలినాయుడు పరుగెత్తుకొచ్చాడు. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని "ఒరే సూరీ, ఒరే నాయనా" అని ఏడ్చాడు. సూరినాయుడు దగ్గి, కన్ను తెరిచి, "అన్నియ్యా, ఇంకో కన్ను కూడా వెయ్యనా?" అన్నాడు.

గురుమూర్తి కోపం పట్టలేకపోయాడు. నిచ్చెనెక్కి ఆ టోపీ పీకి అవతల పారేశాడు. "గొట్టం నోరు కుట్టేస్తే పొగ ఎలా పోతుందిరా? మీకు బుద్ధుందా?"

"ఉంది" అన్నాడు దాలినాయుడు, కళ్ళు తుడుచుకుంటూ, చాలా నమ్మకంగా.

టోపీ పోయేసరికి పొగ పైకి పోయింది. కాసేపటికి జీపు వెచ్చబడింది. ఈలోగా బుగ్గచుక్కతో, బాసికంతో లోవరాజు, తోడుగా తవుడు వచ్చారు. లోవరాజు ముందు సీట్లో కూర్చున్నాడు. దాలినాయుడు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే బుర్రుమంది ఇంజను! ఆ చప్పుడు విని దాలినాయుడి ఒళ్ళు పులకరించింది. ఊరివాళ్ళు ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూశాడు.

లోవరాజు వెనక్కి తిరిగి, సీటు మీంచి కప్పులోకి పోయిన గొట్టం చూశాడు. "బావా, బయల్దేరే ముందు ఈ గొట్టం తియ్యవా?"

"బిగించాక కదపొద్దన్నాడు. నువ్వు పెళ్ళికొడుకువి, బుద్ధిగా కూర్చో."

"అది కాదు బావా, జీపు కదిలితే అది కదలదా?"

"మేం కదపం కదా, జీపు కదుపుతుంది. ఆ పాపం జీపుది" అని గేరు వేసి, క్లచ్చి వదిలాడు.

జీపు ముందుకు దూకింది. గొట్టం కదల్లేదు, అంత గట్టిగా కట్టారు మరి. దూలం వచ్చింది. దూలంతో వాసాలొచ్చాయి, వాసాలతో రేకులొచ్చాయి. షెడ్డు షెడ్డంతా పెళ్ళికి బయల్దేరినట్టు జీపు వెనకాల నాలుగడుగులు నడిచి, దబ్బుమని దాని మీదే కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తెలివితక్కువ వాళ్ళని కాపాడటానికి దేవుడు ఎవరినో ప్రత్యేకంగా పెట్టి ఉంటాడు, వాడికి ఆ పొద్దు చేతినిండా పని.

లోవరాజు రేకుల కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. బాసికం చెవి మీదికి జారింది, బుగ్గచుక్క ముక్కు మీదికి పాకింది. బావ వైపు చూడను కూడా చూడలేదు. రోడ్డు మీద పాల వ్యాను హారను వినపడింది. గురుమూర్తి ఒక చేత్తో సన్నాయినీ, ఒక చేత్తో పెళ్ళికొడుకునీ పట్టుకుని పరుగు తీశాడు. తవుడు కుంటుకుంటూ వెనకాల పరుగెత్తాడు. పాల డబ్బాల మధ్య నిలబడి పెళ్ళికొడుకు కొండ దిగిపోయాడు. ముహూర్తానికి అందుకున్నాడని తరవాత తెలిసింది. బావగారి ఊసు ఎవరెత్తినా అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాడనీ తెలిసింది.

ఇక్కడ నలుగురూ కూలిన షెడ్డు ముందు నిలబడ్డారు. సూరినాయుడు హీటరు ఆపాడు. దుమ్ము సద్దుమణిగేసరికి తెల్లారింది. అప్పుడు చూశారు. ఎదురిల్లు లేదు. రోడ్డు లేదు. కొండ లేదు. ఎటు చూసినా తెల్లగా, దట్టంగా, ఊరంతా కమ్ముకుని ఉంది.

అది ప్రతి ఏడూ ఆ నెలలో ఆ కొండ మీద దిగే మంచే. పుట్టినప్పటినుంచీ చూస్తున్న మంచే. కానీ ప్రతి ఏడూ ఇంట్లో హీటరు లేదు కదా!

"దేవుడోయ్!" అంది అప్పలనరసమ్మ. "పొగేరా! మన పొగే! ఊరంతా నిండిపోయింది!"

"కంటికి కనపడదన్నాడు కదా?" అంది పోలమ్మ.

"కొంచెమైతే కనపడదు. మరీ ఎక్కువైతే కనపడదేటి?" అన్నాడు దాలినాయుడు. తమ్ముడు ఒరిగిపోయిన తీరు ఇంకా కళ్ళ ముందే ఉంది. ఇప్పుడు ఊరు ఊరంతా అలా ఒరిగిపోతుంది, పిల్లా జెల్లాతో సహా. తమవల్లే. "షెడ్డు కప్పుకి కన్నం పెట్టాం, పొగ బయటపడింది. బయటపడ్డ పొగ ఎటు పోవాలి? పైన ఇంకో కప్పుంది కదరా!"

"ఆకాశం!" అన్నాడు సూరినాయుడు.

అంతే. పెళ్ళి మర్చిపోయారు. నలుగురూ గునపం, నిచ్చెన, డ్రిల్లు మిషను మోసుకుని, ఊరిని కాపాడటానికి కొండ శిఖరానికి పరుగు తీశారు. రొప్పుతూ, జారుతూ, పడుతూ ఎక్కారు. శిఖరం మీద నిచ్చెన నిలబెట్టి కింద ముగ్గురూ పట్టుకున్నారు. దాలినాయుడు చిట్టచివరి మెట్టెక్కి, గునపం రెండు చేతులా ఎత్తి, తెల్లటి ఆకాశంలోకి ఒక్కటిచ్చాడు. ఇంకొకటిచ్చాడు. భుజాలు పడిపోయేదాకా పొడుస్తూనే ఉన్నాడు. "ఊళ్ళో పిల్లలున్నార్రా, ఊళ్ళో పిల్లలున్నారు" అని తనలో తనే అనుకుంటూ పొడిచాడు. పాపం, ఆ మాట మాత్రం వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

పొద్దెక్కింది. మంచు పల్చబడింది. సరిగ్గా వాడి గునపం మొన దగ్గర, గుండ్రంగా, ఎర్రగా, ధగధగా సూర్యుడు బయటపడ్డాడు.

"పడిందిరోయ్ కన్నం!" అని సూరినాయుడు వెర్రికేక వేశాడు. "ఎంత గుండ్రంగా పడిందో చూడు అన్నియ్యా, ఒక్క వంకర లేదు!"

కింద లోయలో తెల్లదనం కరిగిపోతోంది. ఇళ్ళు కనపడ్డాయి, రోడ్డు కనపడింది, కోళ్ళ కూతలు వినపడ్డాయి. ఊరు బతికింది. అప్పలనరసమ్మ కొడుకుని చూసి కొంగుతో కళ్ళొత్తుకుంది. పోలమ్మ రెండు చేతులూ ఎత్తి మొగుడికి దణ్ణం పెట్టింది. దాలినాయుడు నిచ్చెన మీద నిలబడి, తను పెట్టిన కన్నం వైపు కన్నార్పకుండా, గర్వంగా చూశాడు. చూసి చూసి కళ్ళు మండాయి, నీళ్ళు ధారగా కారాయి.

"తప్పుకోండే, తప్పుకోండి" అని కిందివాళ్ళని హెచ్చరించాడు. "పొగంతా దీంట్లోంచే పోతోంది. కళ్ళు ఎలా మండుతున్నాయో!"